అఖ్తర్ బీ ఇంటి వెనక తలుపు

జమ్మలమడుగులో నాపరాళ్ల వ్యాపారం చేసే మక్బూల్‌కు గొప్పలు చెప్పుకోవడమంటే మహా ఇష్టం. అన్నం తినాలంటే ఆకలన్నా కావాలి, గొప్పలకు అదీ అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు రాళ్ల బేరం మీద మద్రాసు పోయినవాడు, అక్కడొక షావుకారు ఇంట్లో సెప్టిక్ ట్యాంకు పాయిఖానా చూసి వచ్చాడు. చెంబెడు నీళ్లు పోస్తే అంతా మాయమట. వాసన లేదట. ఎత్తిపోసే మనిషి రానక్కర్లేదట. ఇల్లు చేరినప్పటి నుంచి అదే పాట. విని విని ఊళ్లోవాళ్ల చెవులు దిమ్మెక్కాయి. ఆఖరికి ప్రొద్దుటూరులో పింగాణీ బేసిన్ కొని, గడ్డి చుట్టించి బస్సు టాపు మీద తెచ్చి, ఫకీర్ సాహెబు మేస్త్రీని పిలిపించి దొడ్లో గుంత తీయించాడు.

ఫకీర్ సాహెబుది అదే వీధిలో చివరి ఇల్లు. కడపలో ఇలాంటి ట్యాంకులు కట్టే చోట పనిచేసి వచ్చినవాడు. గుంతకు నాలుగు వైపులా నాపరాళ్లు నిలబెట్టి, సందుల్లో సిమెంటు కూరి, ఇనుప కడియం బిగించిన పెద్ద బండను పైన మూతగా వేశాడు. తేరిన నీళ్లు ఇంకిపోవడానికి పక్కనే రాళ్లు నింపి ఇంకో గుంత చేశాడు. పని ముగిసిన రోజు తడిక అవతల నిలబడి, తడిక ఇవతలున్న మక్బూల్ భార్య అఖ్తర్ బీకి జాగ్రత్తలు చెప్పాడు.

"వదినా, దీంట్లో కంటికి కనపడని పురుగులు పుడతాయి. అవే మన మురికంతా తిని నీళ్లు చేస్తాయి. అవి బతికుంటేనే గుంత బతికుంటాది. ఫినాయిలు పోసినావంటే సచ్చిపోతాయి. బూడిద, చినిగిన గుడ్డ, యాపపుల్ల, ఏదీ పడగూడదు. ఇంట్లోవాళ్లకు గెట్టిగా చెప్పు."

పురుగులు తొందరగా పుట్టడానికని మొదట కడవెడు పేడనీళ్లు కూడా పోయించాడు.

అఖ్తర్ బీ కూతురు పులివెందులలో కాపురం చేసుకుంటోంది. ఇంట్లో మొగుడూ పెళ్లాం ఇద్దరే. సాకడానికి మనుషులు కరువైన ఆ ఇల్లాలు కంటికి కనపడని పురుగులను పాడి ఆవును సాకినట్టు సాకింది. వాటికి "లోపలోళ్లు" అని పేరు కూడా పెట్టింది. కాగిన నీళ్లు చల్లారబెట్టిగాని పోసేది కాదు, లోపలోళ్లు కాలిపోతారని. ఫినాయిలు సీసాను ఇంటి గడప తొక్కనివ్వలేదు.

ఆమెకు పాయిఖానాలో ఇంకో పని కూడా ఉండేది. మూత్రానికి పోయినప్పుడు చివరి చుక్క బట్టకు తగలకుండా ఎండు మట్టిబెడ్డతో అద్దుకొని, ఆ తర్వాత నీళ్లు వాడటం ఆ ఇళ్లల్లో మగవాళ్ల ఆచారం. చుక్క తగిలిన బట్టతో నమాజుకు నిలబడకూడదు. అందుకని ప్రతి శుక్రవారం పెన్న ఒడ్డు నుంచి వచ్చిన బంకమట్టిని అఖ్తర్ బీ చిన్న చిన్న బెడ్డలుగా చేసి, ఒక్కోదాన్ని రెండు వేళ్లతో నొక్కి, మిద్దె మీద ఎండబెట్టి, డబ్బాకు పోసి పాయిఖానా గూట్లో పెట్టేది. మక్బూల్ శుభ్రంలో మహా పట్టుదల గలవాడు. ఒక బెడ్డతో ఊరుకునే రకం కాదు. పైగా రాళ్ల బేరానికి వచ్చిన ప్రతి షావుకారునూ, ప్రతి బంధువునూ చెయ్యి పట్టుకొని పాయిఖానా దాకా తీసుకుపోయి, "పోయి చూడప్పా, ఊరికే పోయి చూడు" అని లోపలికి తోసేవాడు. నమాజు చేసేవాళ్లయితే బెడ్డల డబ్బా కూడా చేతికిచ్చేవాడు.

ఇక ఆ వీధిలో ఆడవాళ్ల సంగతి.

ఘోషా ఇళ్ల ఆడవాళ్లు తెల్లవారకముందే చెంబు పట్టుకొని పెన్న ఇసుకలోకి పోవాలి. మళ్లీ చీకటి పడేదాకా బిగబట్టుకోవాలి. మధ్యలో కడుపునొప్పి వచ్చినా, నెలతప్పి ఉన్నా అంతే. అందుకని పొద్దెక్కాక ఒక్కరూ నీళ్లు ముట్టరు. మగవాళ్లకు రోజా ఉపవాసం ఏడాదికి ఒక నెల, వాళ్లకు ఏడాదంతా రోజానే. దీన్ని గురించి ఎవరూ ఎవరితోనూ చెప్పుకునేది లేదు. చెప్పుకోవడానికి అదేం మాట? అఖ్తర్ బీ కూడా పాతికేళ్లు అట్లాగే గడిపింది. ఇంట్లో పాయిఖానా వచ్చిన రోజు మధ్యాహ్నం ఆమె కుండ దగ్గర కూర్చొని కావాలని రెండు గ్లాసుల నీళ్లు తాగింది. తాగి, ఎందుకో తెలియకుండా ఏడ్చింది.

మొదట వచ్చింది ఫకీర్ సాహెబు భార్య హజరాబీ. ఒక మధ్యాహ్నం పిండి చేబదులు అడగడానికి వచ్చి, గుమ్మంలోనే కడుపు పట్టుకొని చతికిలబడింది. ఆమెకు మూత్రంలో మంట. ఆస్పత్రి డాక్టరమ్మ నీళ్లు బాగా తాగమని చెప్పింది. తాగితే మందే, కానీ తాగి యాడికి పోవాలి?

"లోపలికి పో" అంది అఖ్తర్ బీ.

"వద్దు ఆపా, మీ ఆయనకు తెలిస్తే?"

"ఆయన రాళ్లకాడికి పోయినాడు. మాపటేళ దాకా రాడు. దీన్ని కట్టింది నీ మొగుడే కదమ్మా, పో."

తన మొగుడు కట్టిన పాయిఖానాకు హజరాబీ దొంగలా పోయి వచ్చింది. మరునాడు మళ్లీ వచ్చింది. నాలుగు రోజులకు పక్కింటి ముసలామె షాహీదాబీని చెయ్యి పట్టుకొని తెచ్చింది. ఆ తర్వాత ఎవరు ఎవరిని తెచ్చారో లెక్క లేదు. మధ్యాహ్నం నమాజు చేసుకొని మక్బూల్ అటు పోగానే ఇటు దొడ్లో వెనక తలుపు గడియ మెల్లగా చప్పుడయ్యేది. వెనక సందులో ఉండే కోమటోళ్ల కనకమ్మ కూడా తన చెంబు తాను పట్టుకొని వచ్చేది. ఇంటికి పోయి ఎట్లాగూ తలస్నానం చేస్తుంది, అది వేరే సంగతి. ఒకనాడు ఆమె కొంగు చాటున ఫినాయిలు సీసా తెచ్చింది. "ఇంతమంది పోతాండాం, రవ్వంత పోద్దామక్కా" అంది.

"లోపలోళ్లను సంపుతావా?" అని అఖ్తర్ బీ ఆ సీసా లాక్కుంది.

అందరికీ అవే నియమాలు. బూడిద వద్దు, గుడ్డ వద్దు, పుల్ల వద్దు, బిందెడు నీళ్లు పోయాలి. ఆడవాళ్లు తు.చ. తప్పకుండా పాటించారు. వంతు వచ్చేదాకా వరండాలో కూర్చొని మాట్లాడుకునేవాళ్లు, వంతు అయ్యాక నీళ్లు తాగేవాళ్లు. హజరాబీ మంట తగ్గింది. షాహీదాబీ మాత్రం నీళ్లు ముట్టేది కాదు. "డెబ్బై ఏండ్ల అలవాటు బిడ్డా, ఇప్పుడు తాగితే గొంతు దిగదు" అనేది. ఈ సంగతి మగవాళ్లకు తెలియదు. తమ ఆడవాళ్లు ఇంకొకరి ఇంటి పాయిఖానాకు పోతున్నారంటే పరువు పోయిందని ఎగిరిపడతారు. తెలియనిచ్చేవాళ్లు ఎవరు?

ఏడాదిన్నర సాఫీగా నడిచింది.

ఒకరోజు ప్రొద్దుటూరు నుంచి బదరీనారాయణ అనే బట్టల షావుకారు వచ్చాడు. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నాడు. ఇలాంటి పాయిఖానానే ఫకీర్ సాహెబు చేత కట్టించుకోవాలని చూడటానికి వచ్చాడు. మక్బూల్ ఆనందం పట్టలేక, "చెంబెడు నీళ్లు, అంతే! చూడు" అని తన చేత్తోనే పోశాడు.

నీళ్లు కిందికి పోలేదు. బుడబుడమని పైకి వచ్చాయి. ఇంకో చెంబు పోస్తే బేసిన్ అంచు దాకా లేచి, షావుకారు చెప్పుల వైపు రావడం మొదలుపెట్టాయి. వాటితోపాటే వాసన. ఆయన పంచె మోకాళ్ల పైకి పట్టుకొని వీధిలోకి పరుగెత్తాడు. "మాకు దొడ్డి చాలు లేప్పా" అని చెప్పి బస్సెక్కి పోయాడు.

మక్బూల్ తల తీసేసినట్టయింది. ఆ కోపమంతా మేస్త్రీ మీదికి మళ్లింది. మనిషిని పంపి పిలిపించి వాకిట్లోనే, వీధంతా వినేటట్టు మొదలుపెట్టాడు.

"ఏం ఫకీరా, ఏం కట్టినావప్పా? ఇద్దరున్న ఇంట్లో రెండేండ్లు నిండకనే నిండుతాదా? సిమెంటు యాడ మింగినావు? జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో ఎవురూ నిన్ను గడప తొక్కనీకుండా చేస్తా, చూస్తాండు!"

ఫకీర్ సాహెబు ముఖం మాడిపోయింది. ఎన్ని ఇళ్లు కట్టినా దొంగ అనిపించుకోని మనిషి.

"అన్నా, అల్లా తోడు, దొంగపని చేయలా. ఏమైందో నాకూ తెల్దు. యాడన్నా రాయి జారిందేమో. రేపు మూత తీసి చూస్తా. నా తప్పయితే నా రెక్కల కష్టంతోనే మళ్లా కట్టిస్తా."

తలుపు వెనక అఖ్తర్ బీ అంతా వింది. ఇద్దరున్న ఇల్లు! అది నిండటానికి కారణం ఆమెకు తెలుసు. తెలుసుననే అనుకుంది. నోరు విప్పితే వెనక తలుపు మూతపడుతుంది, హజరాబీకి మళ్లీ మంట, అందరికీ మళ్లీ ఎండిన గొంతులు. విప్పకపోతే ఏ పాపమూ ఎరగని మేస్త్రీ నోటికాడి కూడు పోతుంది. ఆ కూడు హజరాబీది కూడా. రాత్రంతా ఆమెకు కంటి మీద కునుకు లేదు.

పొద్దున ఫకీర్ సాహెబు గడ్డపారతో, మోకుతో వచ్చాడు. వెంట తమ్ముడు లాల్ బాషా. మూత ఎత్తబోతూ మక్బూల్‌తో అన్నాడు. "రాత్రంతా ఆలోచన చేసినా అన్నా. గుంత నేనే చిన్నగా కట్టినట్టుండాను. నాదే తప్పు అనుకో."

చేయని తప్పు ఆ మనిషి నెత్తిన వేసుకుంటుంటే అఖ్తర్ బీ ఇక ఉండలేకపోయింది. తలుపు చాటు నుంచే గట్టిగా అంది.

"ఆ భాయిని ఏమీ అనొద్దండి. ఇది ఇద్దరి పాయిఖానా కాదు. మీరు రాళ్లకాడికి పోయినాక వీధిలో ఆడోళ్లంతా వస్తాండారు. నేనే రమ్మన్నా."

మక్బూల్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోరు ఆగలేదు.

"ఇది ఇల్లా, బస్టాండా? ఎవురినడిగి పెట్టినావు ఈ ధర్మసత్రం? నేను షావుకార్ల ముందర తలెత్తుకోలేకుండా ఉంటే, నువ్వు ఊరికంతా తలుపు తీసి కూచున్నావా?" లోపలికి పోయి తాళంకప్ప తెచ్చి వెనక తలుపుకు బిగించాడు. "ఇంక ఒక్కతి వచ్చిందా, గుంతకు మన్ను కొట్టిచ్చేస్తా!"

ఫకీర్ సాహెబు మాత్రం నేల చూస్తూ నిలబడిపోయాడు. వీధిలో ఆడవాళ్లంతా అంటే అందులో తన ఇంటి మనిషీ ఉంది. ఏడాదిగా హజరాబీ రాత్రుళ్లు మంటకు మూలగకపోతే, ఆస్పత్రి మందే పనిచేసిందనుకున్నాడు. ఊళ్లో అందరికీ గోడలు లేపి, తన ఆడమనిషికి నాలుగు తడికలు కట్టలేకపోయాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకొని, గడ్డపార మళ్లీ చేతికి తీసుకున్నాడు.

అన్నదమ్ములిద్దరూ కడియంలో మోకు దూర్చి బండను పక్కకు లాగారు. విషగాలి పోయేదాకా ఎవరూ దగ్గరికి పోకూడదని చెప్పి ఫకీర్ సాహెబు అందరినీ దూరంగా కూర్చోబెట్టాడు. పొద్దు వాలాక దూరం నుంచే పొడుగాటి వెదురుకర్ర లోపలికి దించాడు. అది కాస్త దూరం పోయి టక్కున ఆగిపోయింది. ఇంకోచోట పొడిచాడు. అక్కడా అంతే.

"ఇదేందప్పా, అడుగు ఇంత పైకి ఎట్లొచ్చె?" అన్నాడు. తాడు కట్టిన బొక్కెన దించి, ఇద్దరూ కలిసి లాగి నాపబండ మీద కుమ్మరించారు.

వచ్చింది వాళ్లు అనుకున్నది కాదు. అది బంకమట్టి. నున్నగా, బరువుగా, కుమ్మరి సారె మీద పెడితే కుండ లేచేటంత మంచి మట్టి. రెండో బొక్కెనా అదే. మూడోదీ అదే. గోడ పగిలి మన్ను దిగిందేమోనని ఫకీర్ సాహెబు కర్రతో నాలుగు వైపులా తట్టి చూశాడు. రాయి కదల్లేదు, సందు విడలేదు. బేసిన్ నుంచి వచ్చే గొట్టం మూతి దగ్గర అడ్డంపడినవి బయటికి తీస్తే, ఇంకా పూర్తిగా కరగని బెడ్డలు కొన్ని బయటపడ్డాయి. వాటి మీద ఏదో నొక్కు కూడా ఉంది.

తలుపు సందులోంచి చూస్తున్న అఖ్తర్ బీ ఆ నొక్కును గుర్తుపట్టింది. తన రెండు వేళ్ల నొక్కు.

కొంగు తల మీదికి లాక్కొని, ఎవరున్నారని చూడకుండా దొడ్లోకి వచ్చింది. పాయిఖానా గూట్లో డబ్బా తెచ్చి మొగుడి ముందు పెట్టింది. డబ్బాలోంచి ఒక బెడ్డ తీసి, గుంతలోంచి వచ్చిన బెడ్డ పక్కన పెట్టింది.

"ఇవి నేను చేసినవే. మీరు వాడినవి, మీ చుట్టాలు వాడినవి. ఆడోళ్లకు నీళ్లు తప్ప ఈ ఆచారం లేదు. గుడ్డ వేయొద్దు, బూడిద వేయొద్దు అని ఊరందరి మీదా అరిసినా. వారం వారం ఈ మన్ను నా చేత్తో చేసిపెట్టి, ఇది గుంతలోకే పోతాందని నాకూ తోచలేదు."

మక్బూల్ ఆ రెండు బెడ్డలనూ మార్చి మార్చి చూశాడు. పెన్న ఒడ్డున కూర్చునే రోజుల్లో బెడ్డను నేల మీద పారేస్తే నేలలో కలిసేది. ఇక్కడా చెంబెడు నీళ్లకు కరిగి పోతుందిలే అనుకున్నాడు. కరిగింది, నిజమే. కానీ ఎక్కడికీ పోలేదు.

"మడిసి మురికి నీళ్లయి పోతాదన్నా" అన్నాడు ఫకీర్ సాహెబు మెల్లగా. "మన్ను యాడికి పోతాది? ఆ పురుగులు మన్ను తినవు. మన్ను గూడా వేయొద్దని చెప్పాల్సింది నేనే. నాకూ తోచల్యా. మనోళ్లలో ఎవురికి తోస్తాది?"

నాలుక ఎప్పుడూ ఖాళీగా ఉండని మక్బూల్ మొదటిసారి నోరు మూసుకొని, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. లుంగీ ఎగ్గట్టి, లాల్ బాషా పక్కన నిలబడి మోకు పట్టుకున్నాడు. "వద్దన్నా, మేం లాగుతాం" అన్నా వినలేదు. పొద్దుగుంకేదాకా బొక్కెనలు లాగాడు. మురికి చేతులకైంది, ముఖానికైంది. దొడ్డి మూల తవ్విన గోతిలో అంతా పూడ్చాక, "ఇంకుడు గుంత ఇంకొకటి తవ్వల్ల ఫకీరా. రాళ్లు నేను తోలిస్తా" అన్నాడు. అంతే. తిట్టినందుకు క్షమించమని అనలేదు. ఆ మాట ఎట్లా అనాలో ఆయనకు తెలియదు. కానీ పోబోతున్న మేస్త్రీని ఆపి, ప్రొద్దుటూరు షావుకారును మళ్లీ పిలుచుకొస్తానని చెప్పాడు.

ఆడవాళ్ల సంగతి మాత్రం ఎత్తలేదు. ఎత్తమని అఖ్తర్ బీ కూడా అడగలేదు. ఉన్న ధైర్యమంతా పొద్దునే ఖర్చయిపోయింది.

మరునాడు మక్బూల్ నమాజుకు పోగానే ఆమె దొడ్లోకి పోయి చూసింది. వెనక తలుపుకు తాళం లేదు. ఎప్పుడు తీశాడో తీసి గూట్లో పెట్టాడు, డబ్బా పక్కనే. డబ్బా కింద వాడేసిన బెడ్డలు వేయడానికి ఒక పాత వెదురుబుట్ట కూడా కొత్తగా వచ్చింది. అఖ్తర్ బీకి గుండె నిండిపోయింది. కుండ కడిగి నీళ్లు నింపి, గ్లాసు బోర్లించి, గడియ తీసి కూర్చుంది.

కానీ ఎవరు వస్తారు? నిన్న మక్బూల్ అరిచిన అరుపులు వినని ఇల్లు వీధిలో లేదు. తాళం తీసినట్టు వాళ్లకెవరు చెబుతారు? కబురు పంపుదామంటే మనిషి లేదు, తాను ఆ వేళప్పుడు వీధిలోకి పోకూడదు.

మసీదు నుంచి వచ్చిన మక్బూల్ అన్నం తిని, చేయి కడుక్కొని, ఖాళీ వరండా వైపు ఒకసారి చూశాడు. కుండ వైపు చూశాడు. బోర్లించిన గ్లాసును కూడా చూశాడు. ఏమీ అనకుండా చెప్పులేసుకొని బయటికి పోయాడు. పోయినవాడు నేరుగా పోలేదు. వీధి నడిమధ్య నిలబడి, ఎవరి ఇంటి వైపూ చూడకుండా ఆకాశం కేసి తలెత్తి, గొంతు చించుకొని కేక పెట్టాడు.

"నేను రాళ్లకాడికి పోతాండా! మాపటేళ దాకా రాను! శానా పనుండాది నాకాడ!"

వీధి చివరికి పోయి, సరిగ్గా ఫకీర్ సాహెబు ఇంటి ముందు ఇంకోసారి అదే కేక పెట్టాడు. దగ్గుతూ దగ్గుతూ మలుపు తిరిగాడు.

తలుపు వెనక అఖ్తర్ బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వుతుంటేనే కళ్ల నుంచి నీళ్లు కారాయి.

కాసేపటికి వెనక గడియ చప్పుడైంది. ముందుగా వచ్చింది షాహీదాబీ, గోడ పట్టుకొని ఒక్కతే. పని చూసుకొని, బిందెడు నీళ్లు పోసి, వరండాలో కాళ్లు చాపుకొని కూర్చుంది. ఆమె వెనకే హజరాబీ, ఆ వెనక చెంబుతో కనకమ్మ.

"మీ ఆయన రోజూ ఇట్లే అరుస్తాడా?" అని అడిగింది ముసలామె.

"ఏమో ఖాలా. అరుస్తాడనే అనుకుంటాండా."

షాహీదాబీ కుండ వైపు చాలాసేపు చూసింది. పొడిబారిన పెదవులు తడుపుకుంది.

"అయితే ఒక గ్లాసు పొయ్యి బిడ్డా" అంది. "నిండా పొయ్యి."